రేణిగుంట నుంచి శంషాబాద్: అరగంట దూరానికి గంటా పది నిమిషాలు ఎందుకు?

అలిపిరి గేటు దాటి తిరుమల కొండెక్కే బండికి ఒక లెక్కుంది. పైకి 28 నిమిషాల కంటే ముందు చేరకూడదు. దిగేటప్పుడు 40 నిమిషాల కంటే ముందు కింద తేలకూడదు. ఇంజను ఎంత పెద్దదైనా, డ్రైవరు ఎంత మొనగాడైనా ఆ ఘాట్ రోడ్డు మీద పట్టే సమయాన్ని తేల్చేది నిబంధనే. తిరుపతి విమానాశ్రయమున్న రేణిగుంటలో ఎక్కే విమానం సంగతీ చాలావరకు ఇంతే. దూరాన్ని వేగంతో భాగిస్తే వచ్చే అంకెకూ, టికెట్ మీద ఉండే అంకెకూ పొంతనే ఉండదు.

హైదరాబాద్ దారినే చూడండి. రేణిగుంట నుంచి శంషాబాద్‌కి ఆకాశంలో దూరం 417 కిలోమీటర్లు. ఎయిర్‌బస్ ఏ320 జెట్టు విమానం నిలకడగా ఎగిరేటప్పుడు గంటకు 830 కిలోమీటర్ల దాకా పోతుంది. భాగించండి, అరగంట వస్తుంది. టికెట్ మీద మాత్రం గంటా ఐదో, గంటా పదో, ఒక్కోసారి గంటా ఇరవయ్యో ఉంటుంది. మిగతా నలభై నిమిషాలు ఎక్కడికి పోయాయన్నదే అసలు ప్రశ్న.

దూరం మనమే కొలవొచ్చు

ముందు ఆ 417 ఎక్కడిదో చూద్దాం. దీనికి వెబ్‌సైటేమీ అక్కర్లేదు, హైస్కూలు లెక్కలు చాలు.

రేణిగుంట విమానాశ్రయం 13 డిగ్రీల 38 నిమిషాల ఉత్తర అక్షాంశం, 79 డిగ్రీల 33 నిమిషాల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. శంషాబాద్ 17 డిగ్రీల 14 నిమిషాలు, 78 డిగ్రీల 26 నిమిషాలు. విమానయానంలో దూరాన్ని నాటికల్ మైళ్లలో కొలుస్తారు. ఒక నాటికల్ మైలంటే 1,852 మీటర్లు. అదేం వింత కొలత అనిపించొచ్చు గానీ, అక్షాంశంలో ఒక్క నిమిషం తేడా అంటే దాదాపు ఒక నాటికల్ మైలు. అక్షాంశాల తేడా 3 డిగ్రీల 36 నిమిషాలు కాబట్టి ఉత్తర దక్షిణాలుగా 216 నాటికల్ మైళ్లు. గుణకారం కూడా లేదు.

రేఖాంశాల తేడా 67 నిమిషాలు. ఉత్తరానికి పోయేకొద్దీ రేఖాంశాలు దగ్గరపడతాయి కనుక దాన్ని మధ్య అక్షాంశం కొసైన్‌తో గుణించాలి. ఇక్కడ అది 0.964. వచ్చేది సుమారు 64.5 నాటికల్ మైళ్లు. ఇక పైథాగరస్: 216 వర్గం, 64.5 వర్గం కలిపి వర్గమూలం తీస్తే 225. దాన్ని 1.852తో గుణిస్తే 417 కిలోమీటర్లు. భూమి గుండ్రంగా ఉందన్న సంగతి ఇంత చిన్న దూరంలో పెద్దగా తేడా తేదు. ఢిల్లీకో, దుబాయ్‌కో అయితే ఈ పద్ధతి నప్పదు.

ఇదే పద్ధతిలో రేణిగుంట నుంచి గన్నవరం 349 కిలోమీటర్లు, రాజమండ్రి దగ్గరి మధురపూడి 457, విశాఖ 600, బెంగళూరు 204, చెన్నై 98 వస్తాయి. కిలోమీటరో రెండో అటూ ఇటూ అవుతుంది. విశాఖ అన్నప్పుడు ఏ విమానాశ్రయమో కూడా చూసుకోవాలి. ఈ 600 నగరంలోని నేవీ విమానాశ్రయం వరకు. భోగాపురం నగరానికి ఈశాన్యంగా దాదాపు 45 కిలోమీటర్లు కనుక, తిరుపతి నుంచి పోయేవారికి మరో నలభై కిలోమీటర్లు కలుస్తాయి.

ఒక్కో సైటు ఒక్కో అంకె చూపించడానికి కారణాలు మామూలువే. 417 కిలోమీటర్లు, 259 మైళ్లు, 225 నాటికల్ మైళ్లు మూడూ ఒకటే దూరం. యూనిట్ చూడకుండా అంకె చదివితే తికమకే. కొన్ని సైట్లు ఊరి నడిబొడ్డు నుంచి ఊరి నడిబొడ్డుకు కొలుస్తాయి. శంషాబాద్ హైదరాబాద్‌కు దక్షిణాన ఉంది కాబట్టి అలా కొలిస్తే పది కిలోమీటర్లు పెరుగుతాయి. ఇక ఆ సైట్లు చెప్పే 'ప్రయాణ సమయం' చాలాసార్లు లెక్కల యంత్రం వేసిన ఊహ: ఒక సగటు వేగంతో భాగించి, టేకాఫ్‌కీ ల్యాండింగ్‌కీ అని ఓ అరగంట కలిపేస్తారు. ఏ విమానం, ఏ రన్‌వే, మధ్యలో ఏ కొండ అన్నది దానికి తెలియదు.

ఎక్కడమూ దిగడమే, నడక ఎక్కడిది?

ఇప్పుడు పోయిన నలభై నిమిషాల సంగతి. ఏ320 శంషాబాద్‌లో లేచి 27,000 అడుగులకు చేరడానికి పావుగంట పడుతుంది. ఆలోపే 85 నాటికల్ మైళ్లు పోయుంటుంది. దిగడానికి పైలట్ల దగ్గర ఒక మోటు లెక్కుంది: వెయ్యి అడుగులు దిగడానికి మూడు నాటికల్ మైళ్లు. 27,000 అడుగుల నుంచి దిగాలంటే 80 మైళ్ల ముందే ముక్కు వంచాలి. వేగం తగ్గించుకోవడానికి మరో పది కలపండి, 90. ఎక్కడానికి 85, దిగడానికి 90, మొత్తం 175. దారి మొత్తం 225, మలుపులకో పది వేసుకుంటే 235. అంటే గంటకు 830 కిలోమీటర్ల వేగంతో నిలకడగా ఎగిరేది మిగిలిన 60 మైళ్లే. ఎనిమిది నిమిషాల ముచ్చట. నీళ్ల సీసా ఇచ్చి, ఖాళీ సీసా వెనక్కి తీసుకునే లోపు అయిపోతుంది.

దానికి తోడు 10,000 అడుగుల లోపల వేగం 250 నాట్లు దాటకూడదన్న నియమం. నాటు అంటే గంటకు ఒక నాటికల్ మైలు. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ రెండుసార్లూ ఈ గేటు దాటాలి. అలిపిరి లెక్క గుర్తొచ్చిందా?

మొత్తం గాల్లో ఉండేది 42 నిమిషాలు. ఇంకో ఇరవై నేల మీదే. తలుపులు మూశాక ట్రాక్టరు విమానాన్ని వెనక్కి నెట్టడం, ఇంజన్లు స్టార్ట్ చేయడం ఐదారు నిమిషాలు. శంషాబాద్ లాంటి పెద్ద విమానాశ్రయంలో రన్‌వే దాకా దొర్లుకుంటూ పోయి, ముందున్నవి లేచేదాకా ఆగడానికి పది. రేణిగుంటలో దిగాక స్టాండు, అంటే విమానం నిలిపే చోటు చేరడానికి మూడు నాలుగు. కలిపితే 62. ఏ రోజూ అన్నీ అనుకున్నట్టు జరగవు కాబట్టి కంపెనీలు మరో ఐదు పది నిమిషాలు దట్టించి షెడ్యూలు వేస్తాయి. 15 నిమిషాల లోపు ఆలస్యాన్ని 'సమయానికి వచ్చినట్టే' లెక్కిస్తారు. ఆ పేరు నిలబెట్టుకోవడానికే ఈ దట్టింపు. పది నిమిషాలు ముందే దిగామని పైలట్ ఘనంగా ప్రకటించినప్పుడు అందులో గాలి పుణ్యం కొంత, ఈ దట్టింపు పుణ్యం చాలా.

స్టాండులో చక్రాల కింద చెక్కలు తీసినప్పటి నుంచి, అవతల చక్రాల కింద మళ్లీ చెక్కలు పెట్టేదాకా పట్టే ఈ మొత్తాన్ని బ్లాక్ టైమ్ అంటారు. టికెట్ మీద ఉండేది ఇదే. గాల్లో ఉన్న సమయం వేరు, ఇది వేరు.

ఏటీఆర్ అంత నిదానమా?

రెక్కల కింద ఫ్యాన్లు తిరిగే ఏటీఆర్ 72 పేరు చూడగానే చాలామంది మొహం చిట్లిస్తారు. నిదానమని, చిన్నదని, కుదుపులని. చివరి మాటలో కొంత నిజముంది. మొదటి మాట ఈ దారిలో దాదాపు అబద్ధం.

ఏటీఆర్ వేగం గంటకు 500 కిలోమీటర్ల చిల్లర. ఏ320లో అరవై శాతం. దానికి 25,000 అడుగులు దాటే వీల్లేదు. ఇంత చిన్న దారిలో ఏ 17,000 అడుగుల్లోనో పోతుంది. అంత ఎత్తుకే ఎక్కాలి కాబట్టి ఎక్కడానికి 50 మైళ్లు, దిగడానికి 55 చాలు. మిగతా 130 మైళ్లూ తన పూర్తి వేగంతోనే పోతుంది. లెక్కేస్తే గాల్లో 59 నిమిషాలు. చాలా స్టాండ్ల నుంచి ట్రాక్టరు నెట్టకుండానే తనంతట తాను కదిలిపోతుంది కనుక నేల మీద 11 నిమిషాలతో సరిపెడుతుంది. మొత్తం 70. జెట్టుకు 62. తేడా ఎనిమిది నిమిషాలు.

పైగా ఏటీఆర్‌లో సుమారు 78 మందే. వెనక తలుపు ఒక్కటే అయినా ఎక్కడం దిగడం త్వరగా తెములుతుంది. 180 మంది ఏ320లో మధ్య వరుసలో కూర్చున్నవారు, ముందు తిరుమల లడ్డూ సంచులు పైన సర్దుకుంటున్న కుటుంబం కదిలేదాకా ఆగితే ఆ ఎనిమిది నిమిషాలూ అక్కడే హరీ.

దూరం పెరిగేకొద్దీ మాత్రం జెట్టు తన సత్తా చూపిస్తుంది. విశాఖకు 325 నాటికల్ మైళ్లు. ఇదే లెక్కలో జెట్టుకు గంటంబావు, ఏటీఆర్‌కి గంటన్నర పైనే. అక్కడ పావుగంట దాటిన తేడా నిజమైన తేడా. నాలుగొందల కిలోమీటర్ల లోపు దారికి విమానం రకం చూసి టికెట్ ఎంచుకోవడం దండగ. బయల్దేరే వేళ చూసుకోవడం మేలు.

గాలి, కొండ, ఎండ, రాకెట్

గాలి వేగాన్ని మార్చేస్తుందని అందరూ అనుకునేదే. అయితే హైదరాబాద్–తిరుపతి దారి దాదాపు ఉత్తర దక్షిణం. మన మీద గాలి ఎక్కువగా పడమటి నుంచో తూర్పు నుంచో వీస్తుంది, అంటే పక్క నుంచి. 275 నాట్లతో పోయే ఏటీఆర్‌కి పక్క నుంచి 40 నాట్ల గాలి కొడితే నేల మీద వేగం తగ్గేది మూడు నాట్లే. అదే 40 నాట్లు ఎదురొస్తే వేగం 235కి పడిపోతుంది, వెనక నుంచి తోస్తే 315 అవుతుంది. అందుకే బెంగళూరు దారిలో పోను, రాను సమయాల్లో కనిపించే తేడా హైదరాబాద్ దారిలో అంతగా కనిపించదు. ఎత్తు తేడా ఒకటుంది. శంషాబాద్ సముద్ర మట్టానికి 2,000 అడుగుల పైన ఉంది, రేణిగుంట 350. తిరుపతి నుంచి పోయేటప్పుడు ఎక్కాల్సింది ఎక్కువ, దిగాల్సింది తక్కువ. నిమిషం అటూ ఇటూ.

గాలి అసలు ప్రభావం దిగేచోట. విమానం ఎప్పుడూ ఎదురుగాలిలోకే దిగాలని చూస్తుంది. రేణిగుంట రన్‌వే దాదాపు తూర్పు పడమరలు. 08, 26 అన్న అంకెలు దాని రెండు కొసల దిక్కులు. తూర్పుగాలి వీస్తుంటే పడమటి వైపు నుంచి దిగాలి. ఆ వైపే తిరుపతి ఊరు, దాని నెత్తిన శేషాచలం. ఉత్తరం నుంచి వచ్చిన విమానం కొండల మీదుగా నేరుగా కిందికి జారిపోలేదు. కొండల ఎత్తుకు తగ్గట్టు పైనే ఉండి, చుట్టు తిరిగి, దిక్కు సరిచూసుకుని దిగాలి. ఆ చుట్టుకు ఐదారు నిమిషాలు. తిరుమల ఆలయం మీదుగా విమానాలు పోకూడదని టీటీడీ కోరుతుండటం అందరికీ తెలిసిందే గానీ, పైలట్‌ను ఆపేది అంతకంటే ముందు ఆ కొండ ఎత్తే.

ఎండాకాలం ఇంకో చిక్కు. రేణిగుంటలో 42 డిగ్రీల ఎండ అంటే ఆ ఎత్తులో ఉండాల్సిన ప్రామాణిక ఉష్ణోగ్రత కంటే 28 డిగ్రీలు ఎక్కువ. ఒక్కో డిగ్రీకి 120 అడుగుల చొప్పున, 350 అడుగుల మీద ఉన్న రన్‌వే విమానానికి 3,700 అడుగుల ఎత్తులో ఉన్నట్టు తోస్తుంది. గాలి పలుచబడితే రెక్కలకు పట్టు తగ్గుతుంది, ఇంజనుకు బలం తగ్గుతుంది, లేవడానికి ఎక్కువ పరుగు కావాలి. రేణిగుంట పాత రన్‌వే 2,286 మీటర్లు. దాన్ని 3,810 మీటర్లకు పొడిగించే పని చేపట్టిన కారణాల్లో పెద్ద విమానాల బరువు ఒకటి. చిన్న రన్‌వే మీద మండే మధ్యాహ్నం విమానం నిండుగా ఉంటే బరువు తగ్గించుకోవాలి. ఒక్కోసారి సామాను తర్వాతి విమానంలో వస్తుంది.

శ్రీహరికోట రేణిగుంటకు తూర్పున 75 కిలోమీటర్లే. రాకెట్ ప్రయోగం రోజు అక్కడి గగనతలాన్ని నోటీసిచ్చి కొన్ని గంటలు మూసేస్తారు. హైదరాబాద్ విమానాలకు పెద్దగా తగలదు. తూర్పు తీరం వెంట వచ్చేవాటికి చుట్టుదారి తప్పకపోవచ్చు.

ఇక ఈశాన్య రుతుపవనాలు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాల కాలం. 2021 నవంబరు వరదల్లో తిరుపతి మునిగినప్పుడు రేణిగుంటలో దిగాల్సిన విమానాలు దారి మళ్లాయి. అందుకే ప్రతి విమానం గమ్యానికి సరిపడా ఇంధనంతో ఆగదు. ప్రత్యామ్నాయ విమానాశ్రయం దాకా పోవడానికి, ఆపైన మరో అరగంట గాల్లో తిరగడానికి కూడా కలిపి పోసుకుంటుంది. 98 కిలోమీటర్ల దూరంలో చెన్నై ఉండటం రేణిగుంటకు కలిసొచ్చిన అంశం. అయితే ఒకే వాయుగుండం రెండింటినీ ముంచగలదు. అలాంటి రోజు బెంగళూరో, వెనక్కి హైదరాబాదో.

నేరు విమానం లేనప్పుడు

మ్యాపు మీది దూరం పూర్తిగా మోసం చేసేది ఇక్కడే. తిరుపతి నుంచి రాజమండ్రికి నేరుగా 457 కిలోమీటర్లు. నేరు సర్వీసు దొరకని రోజు హైదరాబాద్ మీదుగా పోవాలి. 417 కిలోమీటర్లు ఉత్తరానికి, అక్కణ్నుంచి 360 తూర్పుకు, మొత్తం 777. రెండు విమానాల్లో కలిపి రెండుంబావు గంటలు, మధ్యలో నిరీక్షణ గంటన్నర నుంచి మూడు గంటలు. విమానాశ్రయాలకు పోయి రావడం కలిపితే పగలంతా పోయినట్టే. రాత్రి రైలెక్కి పడుకుంటే పొద్దున్నే దిగొచ్చు. ఈ రెండు ఊళ్ల మధ్య రైలే నయమని మొహమాటం లేకుండా చెప్పొచ్చు.

రెండు టికెట్లూ ఒకే బుకింగ్‌లో ఉన్నాయా అన్నది ముఖ్యం. ఒకే బుకింగ్ అయితే మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోతే తర్వాతి దాంట్లో పంపే బాధ్యత కంపెనీది. చవకని విడివిడిగా కొంటే ఆ రిస్కు మీదే. సామాను కూడా దించుకుని, బయటికొచ్చి, మళ్లీ చెక్-ఇన్ చేయాలి. అలా కొంటే మధ్యలో మూడు గంటలకు తగ్గకుండా చూసుకోండి.

చిన్న దారుల్లో ఇంకో సంగతుంది. ఒకే ఏటీఆర్ పొద్దున్నుంచి రాత్రి దాకా ఆరేడు ట్రిప్పులు వేస్తుంది. దిగి మళ్లీ లేవడానికి మధ్యలో అరగంటే. పొద్దున ఎక్కడో హుబ్లీలో ఇరవై నిమిషాలు ఆలస్యమైతే సాయంత్రం రేణిగుంటలో అది గంటవుతుంది. మొదటి విమానానికి ఈ బెడద తక్కువ.

బ్లాక్ టైమ్ మీ జేబుకూ లెక్కే

పౌర విమానయాన శాఖ నిబంధనల్లో ప్రయాణికుడి హక్కులకు కొలబద్ద కిలోమీటర్లు కావు, బ్లాక్ టైమ్. తగినంత ముందు చెప్పకుండా కంపెనీ తన తప్పుతో విమానం రద్దు చేస్తే, బ్లాక్ టైమ్ గంట లోపు ఉంటే 5,000 రూపాయలు, గంట దాటి రెండు గంటల లోపు ఉంటే 7,500, ఆ పైన 10,000. లేదా మూల ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపిన మొత్తం. రెండింట్లో ఏది తక్కువైతే అది. షెడ్యూల్లో గంట అని రాస్తే ఒక మెట్టు, గంటా ఐదు అని రాస్తే పై మెట్టు. తుపాను లాంటివి కారణమైతే ఈ పరిహారం రాదు. రెండున్నర గంటల లోపు బ్లాక్ టైమ్ ఉన్న విమానం రెండు గంటలు ఆలస్యమైతే టిఫినో, టీయో ఇవ్వాలి. పైన చెప్పిన నేరు దారులన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. అడిగితేనే ఇస్తారు తరచూ. అడగండి.

కరోనా తర్వాత 2020 మే నుంచి 2022 ఆగస్టు దాకా ప్రభుత్వం ఛార్జీలకు హద్దులు పెట్టినప్పుడు కూడా 40 నిమిషాల లోపు, 40 నుంచి 60, 60 నుంచి 90 అని కాలాన్ని బట్టే పెట్టింది.

ఇంటి గుమ్మం నుంచి

చివరికి కావాల్సింది ఇది. కూకట్‌పల్లిలో ఇంటి నుంచి శంషాబాద్‌కి గంటంబావు వేసుకోండి. చెక్-ఇన్ కౌంటర్లు సాధారణంగా గంట ముందు, బోర్డింగ్ గేటు 25 నిమిషాల ముందు మూసేస్తారు. భద్రతా తనిఖీ క్యూ కలిపి గంటన్నర ముందుండాలి. విమానం గంటా పది. సామాను ఇరవై నిమిషాలు. రేణిగుంట నుంచి తిరుపతి ఊళ్లోకి 15 కిలోమీటర్లు, అరగంట. మొత్తం నాలుగు గంటల ముప్పావు. అందులో నిలకడగా, పూర్తి వేగంతో ఎగిరింది ఎనిమిది నిమిషాలు.

2023 ఏప్రిల్లో మొదలైన సికింద్రాబాద్–తిరుపతి వందే భారత్‌కి ఎనిమిదిన్నర గంటల దాకా పడుతుంది. స్టేషనుకు పోవడం కలిపినా విమానం నాలుగు గంటలు ఆదా చేస్తుంది. నారాయణాద్రిలో రాత్రి పడుకుని వచ్చేవారికి ఆ ఆదా లేదు, వాళ్ల పగలు చెక్కుచెదరదు. దర్శనం టికెట్ మీదున్న వేళ మధ్యాహ్నమా, తెల్లవారుజామా అన్నదాన్ని బట్టి ఏది మంచిదో మారిపోతుంది.

చిత్తూరు టౌను వాళ్ల లెక్క వేరు. తిరుపతి 70 కిలోమీటర్లు, అక్కణ్నుంచి రేణిగుంట మరో 15. రెండు గంటలు పెట్టుకోవాలి. హైదరాబాద్‌కైతే రేణిగుంటే సులువు. ఢిల్లీ, కోల్‌కతాలకు సర్వీసులు ఎక్కువుండే బెంగళూరు, చెన్నై విమానాశ్రయాలకు రోడ్డున పోతే మధ్యలో విమానం మారే బాధ తప్పుతుంది.

సాయంత్రం చివరి విమానానికి వచ్చి ఆ రాత్రే కొండెక్కాలనుకునేవారు ఒకటి చూసుకోవాలి. అర్ధరాత్రి దాటాక అలిపిరి గేటు కొన్ని గంటలు మూసి ఉంటుంది. తొమ్మిదిన్నరకు దిగాల్సిన విమానం గంటన్నర ఆలస్యమైతే పదకొండు, సామాను వచ్చేసరికి పదకొండుంబావు దాటుతుంది, అలిపిరి చేరేసరికి పన్నెండుకు అటో ఇటో. ఆ రాత్రికి కింద ఒక గది చూసి పెట్టుకుంటే కుటుంబంతో వచ్చినవారికి నిద్రైనా దక్కుతుంది.